పెత్తనంపై పోరు పెత్తనమైతే...

తుంగభద్ర దిగువ కాలువ కింద ఆదోని, ఎమ్మిగనూరు రైతుల గోడు ఏటా ఒకటే. హోస్పేట డ్యాం దగ్గర వదిలిన నీరు కర్ణాటకలో దాదాపు 250 కిలోమీటర్లు నడిచి మన సరిహద్దు చేరేసరికి చిక్కి సగమవుతుంది. కాగితం మీద ఆంధ్ర వాటా 24 టీఎంసీలు, ఆయకట్టు లక్షన్నర ఎకరాలు. దారి పొడవునా గట్టు మీద ఇంజన్లు పెట్టి, పైపులు దించి, ఆయకట్టులో లేని భూములకు నీళ్లు తోడేసుకుంటుంటే కాగితం మీది లెక్క కాలువలో ఎందుకు కనిపిస్తుంది? అందుకే ఇక్కడ ధర్నాలు, రాస్తారోకోలు, కలెక్టరుకు వినతిపత్రాలు. అందులో న్యాయం ఉంది.

సరిహద్దు దాటాక కూడా అదే గట్టు వెంట కొంతదూరం నడిచి చూడాలి. ఇక్కడా ఇంజన్లుంటాయి. చెట్టు చాటున ఉంటాయి, గోనెసంచి కప్పి ఉంటాయి, అధికారుల జీపు వస్తోందని ఫోను రాగానే ఆగిపోతాయి. తూము షట్టరు కింద రాయి పెట్టి వదిలేసినవీ కనిపిస్తాయి. కోడుమూరు వైపు చివరి మడికి నీళ్లు అందకపోవడంలో బళ్లారి రైతు పాలెంతో, మన పై రైతు పాలెంతో ఎవరూ తేల్చి చెప్పరు. రోడ్డు మీద బైఠాయించినప్పుడు మన రైతు చివరి ఆయకట్టు రైతు. తూము దగ్గరికొచ్చాక పై రైతు. ఆయన దొంగ కాదు. నీళ్లొస్తాయో రావో తెలియని చోట పైవాడు ఏం చేసి బతికాడో కిందివాడు అదే చేస్తాడు. నీతులు చెప్పి ఆ ఇంజను ఆపించలేం.

ఉద్యమాల గురించి మాట్లాడేటప్పుడు ఈ కాలువ సంగతి గుర్తుపెట్టుకోవడం మంచిది. ఎవరిని ఎదిరిస్తున్నామో వాళ్లలా మారిపోయే ప్రమాదం గురించి మన దగ్గర చర్చ వచ్చినప్పుడల్లా మాట వ్యక్తుల మీదికి మళ్లుతుంది. ఫలానా నాయకుడు అమ్ముడుపోయాడు, ఫలానావాడికి పదవీవ్యామోహం పట్టింది అని. అమ్ముడుపోయినవాళ్లతో పెద్ద చిక్కు లేదు, వాళ్లను జనమే గుర్తుపడతారు. అమ్ముడుపోకుండా, లక్ష్యం మార్చుకోకుండా, నిజాయితీగా పోరాడుతూనే ఎదుటివాడి పద్ధతిని ఒంటబట్టించుకున్నవాళ్లతోనే చిక్కంతా. ఈ పోలిక ఆశయంలో రాదు. పని చేసే తీరులో మొదలవుతుంది.

కర్నూలు పశ్చిమ ప్రాంతంలో పని చేసే తీరంటే తరతరాలుగా కళ్లముందున్న నమూనా ఒక్కటే. ఊరికి ఒక పెద్దమనిషి. ఆయన అరుగు మీద పంచాయితీ. అన్నదమ్ముల గట్టు తగాదా అయినా, మొగుడూ పెళ్లాల గొడవైనా అక్కడే తెగాలి. తీర్పుకు ఒప్పుకోనివాడికి కూలి దొరకదు, పొలానికి దారి ఉండదు. రోడ్డు కాంట్రాక్టులో వాటా, మద్యం దుకాణంలో వాటా, పోలింగు రోజు ఎదుటివాళ్ల ఏజెంటు లేని బూత్. ఇందులో ఆయన అనుచరులకు దక్కేది కూడా తక్కువేమీ కాదు. కేసుల్లో బెయిలు, ఆసుపత్రి ఖర్చు, పిల్ల పెళ్లికి సాయం అందుతాయి. ఫ్యాక్షన్ అంటే బాంబులూ వేటకొడవళ్లూ అనుకునేవాళ్లు సినిమాలు చూసి అనుకుంటారు. అది ప్రధానంగా ఒక పాలనా పద్ధతి. ప్రభుత్వం చేయని పనిని చేసిపెట్టి, అందుకు మనుషుల విధేయతను వసూలు చేసుకునే పద్ధతి. ఆ పెద్దమనిషిని ఎదిరించడానికి వచ్చే ఎవరికైనా మొదటి రోజే ఒక ఆకర్షణ ఎదురవుతుంది. జనం తన దగ్గరికి కూడా తగాదాలతోనే వస్తారు. తీర్పు చెప్పమంటారు. చెబితే గౌరవం పెరుగుతుంది, చెప్పకపోతే చేతకానివాడంటారు.

పక్కనున్న అనంతపురం జిల్లాలో ఇది ఎంతదూరం వెళ్లిందో తెలుగువాళ్లందరికీ తెలుసు. భూస్వాముల భూములు పేదలకు దక్కాలని నిలబడ్డ పరిటాల శ్రీరాములు 1975లో హత్యకు గురయ్యారు. అది భూమి కోసం జరిగిన పోరాటం. అందులో అటు ఇటు ఎవరున్నారో స్పష్టంగానే ఉంది. ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో భూమి మాట క్రమంగా వెనక్కిపోయింది, కుటుంబం మాట ముందుకొచ్చింది. పీపుల్స్‌వార్ నుంచి చీలి వచ్చిన రీ ఆర్గనైజింగ్ కమిటీ, జనం నోట ఆర్‌వోసీ, ఆ జిల్లా ముఠా తగాదాల్లో ఒక పక్షపు ఆయుధబలమన్న పేరు తెచ్చుకుంది. 1993లో మద్దెలచెర్వులో టీవీలో అమర్చిన బాంబు పరిటాల కుటుంబపు ప్రత్యర్థి మద్దెలచెర్వు సూరి ఇంటివాళ్లను బలి తీసుకుంది. 1997 నవంబరు 19న జూబ్లీహిల్స్ కారుబాంబు 20 మందికి పైగా ప్రాణాలు తీసింది. వాళ్లలో ఆ కక్షతో ఏ సంబంధమూ లేని టీవీ సిబ్బంది ఉన్నారు. 2005 జనవరి 24న అనంతపురంలో శ్రీరాములు కొడుకు పరిటాల రవి, 2011 జనవరిలో హైదరాబాద్‌లో మద్దెలచెర్వు సూరి హత్యకు గురయ్యారు. ఏ కేసులో ఎవరు దోషులన్నది కోర్టులు చూసిన సంగతి. భూమి పంపకంతో మొదలైన కథలో చివరి ఇరవై ఏళ్లు కూలీ మనిషి ఎక్కడున్నాడన్నది మనం అడగాల్సిన సంగతి. బాంబులు మోసినవాళ్లలో ఉన్నాడు, చచ్చినవాళ్లలో ఉన్నాడు. నిర్ణయం తీసుకున్నవాళ్లలో మాత్రం లేడు.

తెలంగాణ పల్లెల్లో నక్సలైట్ల ప్రజాకోర్టులను కూడా ఈ కోణంలో చూడాలి. దొర గడీలో తీర్పుకు బదులు చెట్టుకింద తీర్పు రావడం మొదట్లో నిజమైన మార్పే. వెట్టి పోయింది, కూలి పెరిగింది, దొర ఊరొదిలాడు. అయితే నిందితుడి తరఫున మాట్లాడేవాడు అక్కడా లేడు, పైకోర్టు అక్కడా లేదు. ‘ఇన్‌ఫార్మర్’ అన్న ఒక్క మాటతో ప్రాణం పోయినవాళ్లలో ఎక్కువమంది ఏ కులాలవాళ్లో, ఎంత భూమి ఉన్నవాళ్లో చూస్తే ఆ కోర్టు ఎవరిపేర నడిచిందో వాళ్లనే బలి తీసుకుందని తెలుస్తుంది.

ఉద్యమాల గురించిన ఈ ప్రశ్నను లోపలి నుంచి, ఎవరూ కాదనలేని అర్హతతో అడిగిన మనిషి కె.బాలగోపాల్. ఆయన పుట్టింది బళ్లారిలో, 1952 జూన్‌లో. అప్పటికి ఆదోని కూడా బళ్లారి జిల్లాలోనే ఉంది. ఏడాది పైచిలుకు తర్వాత, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలులో కలిశాయి. గణితంలో డాక్టరేటు చేసి కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆయన, పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా పదిహేనేళ్లు పనిచేశారు, మధ్యలోనే ఆ ఉద్యోగం వదిలారు. ఎన్‌కౌంటర్ల మీద నిజనిర్ధారణలు చేశారు, టాడా కేసు మోశారు. 1985 సెప్టెంబరులో తోటి నాయకుడు డాక్టర్ రామనాథాన్ని వరంగల్‌లో కాల్చి చంపారు. 1989లో పోలీసుల ప్రోద్బలంతో నడిచిన ఒక ముసుగు ముఠా బాలగోపాల్‌ను అపహరించింది. రాజ్యహింస ఎలా ఉంటుందో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

అలాంటి మనిషి తొంభైల్లో తన సంఘంలోనే ఒక ఇబ్బందికరమైన చర్చ లేవనెత్తారు. హక్కు అనేది మనిషికి ఉండేదైతే, దాన్ని ఉల్లంఘించింది ప్రభుత్వమా, ఉద్యమమా అన్నదాన్ని బట్టి మన నోరు ఎందుకు మూతపడాలి? ఉద్యమం చేసే హత్యను రాజ్యం చేసే హత్యతో సమానం చేస్తున్నావని సహచరులు నిలదీశారు. ఆయన సమానం చేయలేదు. రెంటికీ కారణాలు వేరు, చరిత్ర వేరు అంటూనే, కారణం మంచిదైనంత మాత్రాన చంపే అధికారం ప్రశ్నకు అతీతమైపోదన్నారు. ఆ చర్చ తెగలేదు. 1998లో సంఘం చీలి మానవ హక్కుల వేదిక ఏర్పడింది. ఆ చీలికలో ఎవరి వాదన బలమైనదన్న దాని మీద ఇప్పటికీ రెండు మాటలున్నాయి. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. అంత తీవ్రమైన విభేదం తర్వాత కూడా రెండు పక్షాలూ కాగితాల మీదే కొట్లాడాయి. ఎవరూ ఎవరినీ ద్రోహి అని ఊరి నుంచి వెళ్లగొట్టలేదు, రెండు సంఘాలూ నిజనిర్ధారణలకు వెళ్తూనే ఉన్నాయి. విడిపోయినవాడు శత్రువైపోని చోట ఫ్యాక్షన్ పుట్టదు. రాయలసీమ ముఠా రాజకీయాల గురించి విస్తారంగా రాసిన బాలగోపాల్‌కు ఆ సంగతి బాగా తెలుసనుకుంటాను.

రాజ్యం కూడా ఈ జబ్బుకు అతీతం కాదని నయీం ఉదంతం చెబుతుంది. 1993లో ఐపీఎస్ అధికారి వ్యాస్ హత్య కేసులో నిందితుడైన నక్సలైటు, ఆ తర్వాత నక్సలైట్ల వేటలో పోలీసులకు పనిముట్టయ్యాడు. చివరికి భూకబ్జాల సామ్రాజ్యం నడిపి 2016 ఆగస్టులో షాద్‌నగర్‌లో పోలీసు తూటాకే పోయాడు. చట్టవిరుద్ధాన్ని అణచడానికి చట్టవిరుద్ధాన్నే పెంచిపోషించినవాళ్ల గురించి పెద్దగా విచారణ జరగలేదు.

ఇదంతా తుపాకుల కథ, మాకెందుకు అనుకునేవాళ్ల కోసం ఎమ్మిగనూరు దగ్గరే ఉంది. ఇక్కడ పోలిక నెత్తురు చిందించకుండా, మర్యాదగా, రిజిస్టర్లలో సంతకాలు పెట్టి మరీ వస్తుంది.

మగ్గం మనిషి మీద సావుకారి ఎలా పట్టు బిగిస్తాడో ఎమ్మిగనూరు, గూడూరు, కోడుమూరు నేతగాళ్లకు వివరించనక్కర్లేదు. నూలు సావుకారిది, గుడ్డ సావుకారిది, మధ్యలో రెక్కలు మాత్రం నేతగాడివి. పెళ్లికో రోగానికో ఇచ్చిన అడ్వాన్సు మెడలో తాడు. అది తీరేదాకా ఇంకో సావుకారి దగ్గరికి పోలేడు, అది ఎప్పటికీ తీరదు. గుడ్డలో మచ్చ ఉందనో, పోగు తేడా అనో కూలిలో కోత. దీనికి విరుగుడుగా 1938లో పద్మశ్రీ మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టారు. దేశంలోని పెద్ద చేనేత సంఘాల్లో ఒకటిగా అది పేరు తెచ్చుకుంది. ఒకప్పుడు ఎమ్మిగనూరు దుప్పటి, తువ్వాలు ఎరగని ఇల్లు రాయలసీమలో అరుదు.

సంఘంలోనూ నూలు పైనుంచే వస్తుంది, గుడ్డ పైకే పోతుంది, కూలి లెక్కే ఉంటుంది. చూసేవాడికి సావుకారికీ సంఘానికీ తేడా తెలియదు. తేడా అంతా ఒక్కచోటే ఉంది. నేతగాడికి వాటా ఉంటుంది, ఓటు ఉంటుంది, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో లేచి లెక్క అడగొచ్చు. ఆ ఓటు తీసేయండి, మిగిలేది సావుకారే. రాష్ట్రంలో సహకార ఎన్నికలను ఏళ్ల తరబడి వాయిదా వేసి, అధికారంలో ఉన్న పార్టీ తన మనుషులతో త్రిసభ్య కమిటీలు వేసుకోవడం అన్ని ప్రభుత్వాలకూ అలవాటైపోయింది. చాలాచోట్ల సావుకార్లే (మాస్టర్ వీవర్లు) బంధువుల పేర్లతో సభ్యత్వాలు రాసి సంఘాలు పెట్టారు. రాయితీ నూలు వాళ్లకే, రాష్ట్ర చేనేత సంస్థ ఆప్కో ఆర్డర్లూ వాళ్లకే. సావుకారి మీద పోరాటంగా పుట్టిన రూపంలోకి సావుకారే వచ్చి కూర్చున్నాడు. బోర్డు మీద ‘సహకార’ అన్న మాట అలాగే ఉంది. సహకార సంఘాన్ని బయటి శత్రువెవడూ కూల్చలేదు. ఎన్నిక ఆగిపోయిన రోజున కూలింది, ఆ రోజు ఎవరూ ధర్నా చేయలేదు.

ఇంతకంటే వేగంగా జరిగినది మైక్రోఫైనాన్స్ కథ. వడ్డీ వ్యాపారి చెర నుంచి పేద ఆడవాళ్లను విడిపించాలని 1997లో మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో విక్రం ఆకుల మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ పేరు స్వయం కృషి సంగం. 2005లో అది లాభాల కంపెనీ అయింది. 2010లో షేర్ మార్కెట్‌కెక్కింది. అప్పటికి ఎస్‌కేఎస్ అన్న మూడక్షరాలే మిగిలాయి. వారం వారం వాయిదా కట్టలేని మహిళ ఇంటి ముందు తోటి సభ్యులనే కూర్చోబెట్టడం ఆ రంగమంతటా వసూళ్ల పద్ధతిగా మారింది. ఆత్మహత్యల వార్తలు వరసకట్టాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. పాత వడ్డీ వ్యాపారి కనీసం తానే వచ్చి తిట్టేవాడు. కొత్త పద్ధతిలో పక్కింటావిడ చేత తిట్టించారు. ఆశయం మాత్రం చివరిదాకా కరపత్రాల్లో చెక్కుచెదరకుండా ఉంది.

రాబర్ట్ మిషెల్స్ అనే పండితుడు 1911లోనే జర్మన్ సోషల్ డెమోక్రటిక్ పార్టీని పరిశీలించి, ప్రజాస్వామ్యం కోసం పోరాడే సంస్థలు కూడా పెరిగేకొద్దీ కొద్దిమంది చేతుల్లోకి పోక తప్పదని సూత్రీకరించాడు. దానికి ఉక్కు నియమం అని పేరు. తర్వాతి రోజుల్లో ఆయన స్వయంగా ముస్సోలినీ పార్టీలో చేరాడు. తప్పదు అని నమ్మినవాడు ఎక్కడికి చేరతాడో దానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అందుకే ఆ నియమాన్ని హెచ్చరికగా తీసుకుంటాను, జాతకంగా తీసుకోను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘వాళ్లూ వీళ్లూ ఒకటే’ అన్నది పెత్తందారులకు చాలా ఇష్టమైన వాక్యం. కూలిరేటు కోసం సమ్మె చేస్తే సంఘం పెత్తనం అంటారు. ఆడపిల్లలను దేవుడికి అంకితమిచ్చే బసివి ఆచారాన్ని అడ్డుకున్న వాళ్లను ఊరికి అరిష్టం అంటారు. భూమి అడిగితే దౌర్జన్యం. తిరగబడ్డ ప్రతి గొంతునూ దౌర్జన్యంగా చూపి, అసలు దౌర్జన్యాన్ని మామూలు సంగతిగా మిగిల్చే ఎత్తుగడ అది. గట్టిగా మాట్లాడినంత మాత్రాన, రోడ్డు దిగ్బంధం చేసినంత మాత్రాన ఎవరూ ఫ్యాక్షనిస్టు అయిపోరు. కోపం పోలిక కాదు. సంఘంలో ఉన్నవాడు నాయకుణ్ని లెక్క అడిగి, మరుసటి రోజు కూడా సంఘంలో ఉండగలుగుతున్నాడా అన్నది చూడాలి. నచ్చక వెళ్లిపోయినవాడికి ఊళ్లో టీ నీళ్లు దొరుకుతున్నాయా అన్నది చూడాలి.

ఆ కొలతతో చూస్తే ఈ ప్రాంతపు ఉద్యమాల్లో కలవరపరిచేవి చిన్న చిన్న సంగతులే. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, కాంట్రాక్టరుతో బేరం కుదిరాక వెనక్కి తీసుకునేవాళ్లు 2005 తర్వాత పుట్టుకొచ్చిన కొత్త రకం. వాళ్లవల్ల నిజంగా దరఖాస్తు పెట్టేవాడికి తహసీల్దారు కార్యాలయంలో కుర్చీ కూడా దక్కడం లేదు. కుల సంఘాల ఫ్లెక్సీల మీద అధ్యక్షుడి బొమ్మ ఏటా పెద్దదవుతుంటుంది, కార్యవర్గం పేర్లు ఏటా చిన్నవవుతుంటాయి. ఇక సుగ్గి వలస. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం మండలాల నుంచి పంట చేతికి రాని ఏడాది ఊళ్లకు ఊళ్లు గుంటూరు మిరప కోతలకు తరలిపోతాయి. పిల్లలనూ వెంట తీసుకుపోతారు, బడులు ఖాళీ అవుతాయి. వలసల మీద ఆదోనిలో, కర్నూలులో సదస్సులు పెట్టేది సరిగ్గా ఆ నెలల్లోనే. వేదిక మీద వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లం ఉంటాం. వాళ్లు మిరప చేలో ఉంటారు. వాళ్లు తిరిగొచ్చాక, ఉగాదికో తర్వాతో, కోసిగిలోనే సదస్సు పెట్టి వాళ్లకే మైకు ఇస్తే ఏమంటారో వినే ఓపిక మనకు ఉందో లేదో. ఊరి తరఫున నేను మాట్లాడతాననడం పెద్దమనిషి మాటే. గొంతులో ఆర్ద్రత ఉన్నంత మాత్రాన దాని స్వభావం మారదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణా ఒకటుంది. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల పేరు వింటే రెండు దశాబ్దాల కింద జిల్లాలో ఒళ్లు జలదరించేది. 2008 మేలో ముఠా నాయకుడు వెంకటప్పనాయుడు సహా 11 మంది ఒకే దాడిలో చనిపోయారు. మగవాళ్లు జైళ్లలో, ఆడవాళ్లు కోర్టుల చుట్టూ. తర్వాత జిల్లా ఎస్పీగా వచ్చిన ఆకె రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. ఆ కప్పట్రాళ్ల 2024 నవంబరులో మళ్లీ వార్తల్లోకొచ్చింది, ఈసారి యురేనియం గురించి. ఊరి పక్క రిజర్వు అడవిలో 468 హెక్టార్ల పరిధిలో 68 బోర్లు వేసి ఖనిజాన్వేషణ చేస్తామన్న ప్రతిపాదన తెలియగానే చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలాయి. పార్టీలు పక్కన పెట్టారు. ఒకప్పుడు ఒకరి వీధిలోకి ఒకరు పోని ఊరి జనం రోడ్డు మీద పక్కపక్కన కూర్చున్నారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది, అనుమతించేది లేదని ముఖ్యమంత్రి ప్రకటించారు.

ఆ పోరాటానికి ఒకే నాయకుడన్నవాడు లేకపోవడం లోపమని అప్పట్లో కొందరన్నారు. నాకు అదే బలంగా కనిపించింది. అయితే అది నాలుగు రోజుల పోరాటం, గెలుపు త్వరగా వచ్చింది. ఏళ్ల తరబడి సాగాల్సిన పోరాటాల్లో, వేదవతి ఎత్తిపోతల కోసమో గుండ్రేవుల జలాశయం కోసమో అయితే, చందా వసూలు చేయక తప్పదు, కమిటీ వేయక తప్పదు, ఎవరో ఒకరు ముందు నడవక తప్పదు. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరుల్లోని రైతు, చేనేత, కూలి, విద్యార్థి సంఘాల కార్యదర్శులకు ఒక విన్నపం. ఈ ఏడాది మహాసభలో నివేదిక చదవడం అయ్యాక, చందాల పుస్తకం బల్ల మీద పెట్టండి. ఆ తర్వాత, గత ఏడాది మీ సంఘం వదిలి వెళ్లినవాళ్లలో ఒకరిని పిలిచి, ఎందుకు వెళ్లారో పది నిమిషాలు చెప్పనివ్వండి, మధ్యలో ఎవరూ లేవకండి.